రాళ్ళ కిరాయి

పడవ అడుగున రాత్రంతా ఊరిన నీళ్ళను జక్కయ్య రేకు డబ్బాతో తోడి ఏట్లో పోస్తున్నాడు. ఆ పనికి అతనికి కళ్ళతో అవసరం లేదు. చెయ్యి తోడుతుంది, చెవి ఊళ్ళోకొచ్చే మొదటి బస్సు హారను కోసం కాచుకుంటుంది, నోరు పొగాకు కాడ నములుతుంది. కళ్ళు మాత్రం పడమటి ఆకాశం మీద ఉన్నాయి. వైశాఖమాసంలో నాగాయలంక రేవున పడవ నడిపేవాడు పొద్దున్నే పెళ్ళాం ముఖం చూసినా చూడకపోయినా పడమటి ఆకాశం చూడాలి.

యాభై దాటిన మనిషి. ఎంత దాటాయో వాళ్ళమ్మకీ తెలియదు. "నువ్వు పుట్టినేడు కృష్ణకు వరదొచ్చిందిరా" అనేది. కృష్ణకు వరద రాని ఏడు ఏది గనక? మోకాళ్ళు రెండూ పడవ చెక్కలకు రాసుకుని రాసుకుని తారు పూసినట్టు నల్లబడ్డాయి. కుడి భుజం ఎడమదాని కంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. అది తెడ్డు వేసే భుజం. ముందు పన్ను ఒకటి లేదు. దాన్ని సొరచేప ఎత్తుకుపోయిందని కొందరితోనూ, కలెక్టరుగారు అడిగి పుచ్చుకున్నారని కొందరితోనూ చెప్పాడు. పెళ్ళాం అంకాలమ్మ మాత్రం చెరుకు ముక్క కొరికి ఊడగొట్టుకున్నాడంటుంది. పడవకు పేరు లేదు. పేరు రాయించాలంటే రంగు కావాలి, రంగుంటే పాత చెక్కలు సిగ్గుపడతాయి. అందుకని ఊరుకున్నాడు.

నీళ్ళు తోడటం అయ్యాక రాళ్ళు ఎక్కించాలి.

పడవ నలుగురు కూర్చుంటారని లెక్కవేసి కట్టింది. నలుగురూ కూర్చుంటే బుద్ధిగా నీళ్ళలో దిగి నడుస్తుంది. మనుషులు తగ్గితే పైకి తేలి, తెరచాపకు గాలి తగలగానే తాగినవాడిలా తూలుతుంది. అందుకని ఖాళీ సీటుకు రాయి, రాయికి కిరాయి. జక్కయ్య తాత నాటి కట్టడి అది. ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నా పడవ మొత్తానికీ డబ్బు ఇవ్వాల్సిందే. ఇచ్చిన డబ్బుకు సరిగ్గా రాళ్ళు ఎక్కి కూర్చుంటాయి. దివిసీమలో రాయంటే మాటలు కాదు, ఎటు తవ్వినా ఒండ్రే. ఎప్పుడో లాకులు కట్టినప్పుడు మిగిలిన మూడు బండరాళ్ళను జక్కయ్య తండ్రి మోసుకొచ్చి కొడుక్కు ఆస్తిగా ఇచ్చిపోయాడు.

మూడు రాళ్ళూ ఎక్కించి, నడుం మీద చేతులు పెట్టుకునే సరికి గట్టు మీద కృపానందం కనిపించాడు.

బెజవాడ లోకోషెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా, భుజాన గాలం కర్రతో దూరం నుంచి చూస్తే రెండు కర్రలు నడిచొస్తున్నట్టుంటాడు. గోళ్ళ కింద ఇంజను నలుపు ఇంకా పోలేదు. రాత్రి అవనిగడ్డలో బావమరిది ఏసుపాదం ఇంట్లో పడుకుని, మొదటి బస్సుకు వస్తాడు. ఏటా అంతే. ఈసారి తానొక్కడే వస్తున్నట్టు ముందే కార్డు రాశాడు. నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పండుగప్పలు వచ్చే రోజులివి. వాటిని వలతో పట్టడం కాదు, గాలంతో, ఒక్కదాన్ని, పోరాడి పట్టడం ఆయన సరదా. ఆ సరదాకు పెట్టే ఖర్చుతో గవర్నర్‌పేట బజారులో తట్టెడు చేపలొస్తాయని భార్య తెరేసమ్మ ఏటా అంటుంది. ఏటా ఆయన నవ్వి ఊరుకుంటాడు.

మొదట్లో నలుగురు వచ్చేవారు. గూడ్సుబండి డ్రైవరు సొలొమోను, మందుల షాపు వెంకటప్పయ్య, స్కూలు గుమాస్తా బసవపున్నయ్య, ఈయన. తలా ఒక సీటు డబ్బులు. పండగలా ఉండేది. సొలొమోను పోయాడు. నలుగురి ఖర్చు ముగ్గురి మీద పడింది. వెంకటప్పయ్య పోయాడు. ఇద్దరి మీద పడింది. పోయినేడు, రైల్వే సమ్మె జరిగిన వేసవిలో, బసవపున్నయ్యకు పక్షవాతం వచ్చి ఒక పక్కా, మాటా పడిపోయాయి. స్నేహితులు తగ్గేకొద్దీ చేప ఖరీదు పెరుగుతూ వచ్చి, ఇప్పుడు మొత్తం ఈయన ఒక్కడి నెత్తిన కూర్చుంది.

"దండాలండి ఫిట్టరుగారూ. ఎక్కండి, మీవాళ్ళు ముందే ఎక్కి కూర్చున్నారు."

కృపానందం ఎక్కలేదు. గాలం కర్రను నేలకానించి నిలబడ్డాడు. "ఒక్కణ్ణే వచ్చాను జక్కయ్యా. ఒక్కడికి ఎంత?"

"ఒక్కరికైతే ఆరు రూపాయలేనండి. మీ ముగ్గురు నేస్తాలకీ ఇంకో పద్దెనిమిది."

"రాళ్ళు అన్నం తింటాయా, నీళ్ళు తాగుతాయా? వాటికి కిరాయేంటయ్యా?"

"తినవు, తాగవు, మీ బసవపున్నయ్యగారిలాగా మొగ కాడికి రాగానే కక్కుకోవు కూడానండి. ఆ మర్యాదకి ఇంకో రూపాయి ఎక్కువే తీసుకోవాల."

కృపానందం నవ్వబోయి ఆపుకున్నాడు. "పన్నెండిస్తాను. నాకొక సీటు, ఒక రాయికొక సీటు. పింఛను కాగితాలు ఇంకా తేలలేదు."

ఆ చివరి మాట మెల్లగా అన్నాడు. అది జక్కయ్య చెవిన పడలేదు. పడి ఉంటే ఈ కథ లేదు. పన్నెండన్న మాటే పడింది, దాంతో అతనిలోని కొంటెతనం ఒళ్ళు విరుచుకుని లేచింది.

"అట్టాగైతే ఇద్దరు దిగాలండి మరి."

"దించు."

"ఎవర్ని దించమంటారు?"

"సొలొమోనును ఉంచు. డ్రైవరు లేకుండా ఎట్టా?"

జక్కయ్య మొదటి రాయిని ఛాతీకి హత్తుకుని దించాడు. "వెంకటప్పయ్యగారు దిగారండి. ఇహ బసవపున్నయ్యగారు. బతికున్న మడిసండీ, దించితే కోపమొచ్చుద్దేమో."

"కోపమొచ్చినా వాడిప్పుడు ఏమనగలడులే" అన్నాడు కృపానందం. అనేశాక ఏటి వైపు తిరిగి, కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

జక్కయ్య రెండో రాయినీ గట్టున పెట్టి ఆగాడు. ఇప్పుడు ఫిట్టరుగారు "సరేలేవయ్యా, ఎక్కించు" అనాలి. ఫిట్టరుగారేమో "సరేలెండి, ఊరికే అన్నా" అని జక్కయ్య అంటాడని చూస్తున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో ఒకరు పక్కున నవ్వితే అయిపోయేది. ఇద్దరూ పెదవులు బిగబట్టుకుని నవ్వు దాచుకున్నారు.

చద్దన్నం గిన్నె పట్టుకొచ్చిన అంకాలమ్మ గట్టు మీది రాళ్ళను చూసింది. "అయ్యేంటి, ఇక్కడున్నాయి?"

"కిరాయి కట్టలేదు."

"పడమటి గాలి రోజుల్లో ఇదేం ఎకసెక్కం? నవ్వు నాలుగిందాల చేటన్నారు."

"మరేం ఫరవాలేదమ్మా, నేనూ బరువే" అన్నాడు కృపానందం తన ఎండు పొట్ట మీద చరుచుకుని. పడవెక్కి కూర్చున్నాడు. జక్కయ్య గెడ పోటు వేశాడు. పడవ గట్టు వదిలింది, ఎప్పుడూ లేనంత తేలిగ్గా.

దారిలో జక్కయ్య ఏటా చెప్పే కథే చెప్పాడు. ఒక ఊరి జమీందారుగారు రాళ్ళకు కిరాయి కట్టనని మొండికేసి ఒక్కడే పడవెక్కాడట. మొగ దగ్గర గాలొచ్చి పడవను గాలిపటంలా లేపి, సముద్రం మీదుగా మోసుకెళ్ళి బందరు లైటుహౌసు నెత్తిన కూర్చోబెట్టిందట. ఆయన్ను దించడానికి తాటిచెట్టెక్కే వాళ్ళను పిలిపించారట.

"పోయినేడు చింతచెట్టు మీద దింపావయ్యా వాణ్ణి."

"అది మొదట ఆగిన చోటండి. ఆడ మజ్జిగ తాగి మళ్ళీ బయలెల్లారు."

కృపానందం పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే ఒకసారి ఛాతీ మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా రుద్దుకున్నాడు. పొద్దున తిన్న ఇడ్లీ అన్నాడు. జక్కయ్యా నవ్వాడు కానీ అతని అరికాలు మాత్రం నవ్వడం లేదు. చిన్న అలకే పడవ అడుగు ఉయ్యాలలా ఊగుతోంది. అరికాలు దాన్ని ఊగినప్పుడల్లా పట్టి చూస్తోంది. వెనక్కి తిప్పుదామా అని గొంతుదాకా వచ్చింది. తిప్పితే ఓడిపోయినట్టు. మొగదాకా వెళ్ళాక మడచెట్ల చాటున కట్టేస్తే సరిపోతుందిలే అనుకున్నాడు.

మడచెట్ల చాటున కట్టాడు కూడా. ఎండ నెత్తికెక్కే దాకా అక్కడే ఉన్నారు. చేప తగల్లేదు. కృపానందం అంకాలమ్మ ఇచ్చిన చద్దన్నంలో సగం తిని, సగం జక్కయ్యకు పెట్టాడు. రిటైరైనా షెడ్డు కూతకే మెలకువ వస్తుందనీ, లేచి చొక్కా తొడుక్కున్నాక గుర్తొస్తుందనీ చెప్పాడు. బసవపున్నయ్యను చూడ్డానికి ప్రతి ఆదివారం గుడి నుంచి నేరుగా వెళతాడట. వాడికి మాట లేదు కనుక ఈయనకూ మాటలుండవట. ఇద్దరూ కిటికీలోంచి రోడ్డు మీద పోయే రిక్షాలు చూస్తారట. "ఇయ్యాల చేప పడితే వాడికి ఎంతుందో చేతులతో చూపిస్తాను. అది వాడికి అర్థమౌతుంది" అన్నాడు.

"ఇక్కడ కాదు, నడి ఏట్లోకి పోనీ" అన్నాడు ఆ తరవాత.

"నడి ఏట్లో వద్దండి."

"ఇంత దూరం ఇంత డబ్బు పోసి వచ్చింది మడచెట్టు నీడ చూడ్డానికా?"

డబ్బు మాట వచ్చేసరికి జక్కయ్యకు పొద్దున దించిన రెండు రాళ్ళూ గుర్తొచ్చాయి. పడవ విప్పాడు.

నడి ఏట్లోకి రాగానే చేప తగిలింది. కర్ర విల్లులా వంగింది, తాడు చుట్టిన చక్రం కీచుమని అరిచింది, కృపానందం ముఖంలో ఇరవై ఏళ్ళు రాలిపోయాయి. సరిగ్గా అప్పుడే పడమటి గాలి ఆగిపోయింది. మొగ దగ్గర గాలి ఆగిందంటే ఊపిరి బిగబడుతోందని అర్థం. జక్కయ్య తల తిప్పి చూశాడు. వాయవ్యం మూల, ఊరి వైపు, కాటుక పూసినట్టు ఒక గీత. చూస్తుండగా గీత గోడైంది.

"ఫిట్టరుగారూ, గాలం తాడు కోసెయ్యండి."

"ఒక్క నిమిషం."

"ఆటు నీరండి, సముద్రంలోకి లాగుద్ది. గాలీ అటే తోసుద్ది. కోసెయ్యండి!"

"ఇదొక్కటీ జక్కయ్యా. మళ్ళీ రాలేను. వచ్చే ఏడు ఒక్క సీటుకు కూడా ఉండదేమో."

జక్కయ్య మొలలోంచి కత్తి తీశాడు. తీసి, ఆ మనిషి వీపు చూశాడు. చెమటకు చొక్కా అంటుకుని వెన్నుపూసలు కనిపిస్తున్నాయి. తాడు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చింది. కత్తి మొలలో దోపి, తెరచాప దించి, చేపను లాగే కొక్కెం అందుకున్నాడు. చేప తెల్లగా పొర్లి పడవ పక్కకు వచ్చింది. ఇద్దరూ కలిసి లోపలికి లాగారు. మనిషి కాలంత చేప. ఆ చేప పొడవు తరవాతి కాలంలో జక్కయ్య నోట ఏటేటా పెరుగుతూ పోవలసిందే. కానీ ఆ చేప సంగతి అతను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

"దీని సీటుకు ఎవరిస్తారండీ డబ్బులు?" అన్నాడు తెడ్డు పట్టుకుంటూ.

కృపానందం జవాబు చెప్పే లోపలే గాలి వచ్చి పడింది.

మొదటి దెబ్బకే పడవ ఒక పక్కకు లేచింది. ఎండు తాటాకులా గిర్రున తిరిగి, ముక్కు సముద్రం వైపు పెట్టింది. వెనక ఊరు కనపడలేదు, మడచెట్లు కనపడలేదు, దుమ్మూ నీళ్ళూ కలిసిన గోడ తప్ప. ముందు, మొగ దాటిన చోట, తెల్లగా పళ్ళు చూపిస్తున్న అలలు. జక్కయ్య కాళ్ళు తన్నిపెట్టి తెడ్డు వేశాడు. తెడ్డు నీళ్ళలో పడుతోంది కానీ పడవ నీళ్ళలో లేదు, గాలిలో ఉంది. పట్టు దొరకడం లేదు. బరువు కావాలి. నాలుగు దిక్కులా ఒండ్రూ ఇసకా తప్ప గులకరాయి లేని చోట బరువు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

"పడుకోండి!" అని అరిచాడు. "అడుగున పడుకోండి! సొలొమోనుగారి పక్కన!"

కృపానందం అర్థం చేసుకున్నాడు. కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, పడవ అడుగు నీళ్ళలో వెల్లకిలా పడుకుని, పక్కనున్న బండరాయి మీద ఒక చెయ్యి వేశాడు. రెండో పక్క చేప తోక కొట్టుకుంటోంది.

"కదలబాకండి. మీరు రాయి. నేను లెమ్మనేదాకా మీరు రాయి!"

అడుగు నుంచి మాట వినిపించింది. "ఈ రాయికి కిరాయి ఉందా?"

"ఉందండీ! నోరు మూసుకుని పడుకోండి!"

ఫిట్టరుగారితో ఎన్నడూ అలా మాట్లాడి ఎరగడు. అన్నందుకు నాలిక్కరుచుకునే తీరిక కూడా లేదు. పడవ లేచిన పక్క ఒక్క జానెడు దిగింది. ఆ జానెడే ప్రాణం. తెడ్డుకు నీళ్ళు అందాయి. ముక్కును ఒడ్డుకు తిప్పి, గాలికి అడ్డంగా, ఒక్కో పోటుకు పిల్లి అడుగంత జరుపుకుంటూ వస్తున్నాడు. భుజం మీద నరం తాడులా లేచింది. అల వచ్చి పక్కనుంచి గుద్దినప్పుడు పడవ అంచు నీళ్ళు తాగింది. ఇప్పుడు ఈయన భయపడి లేచి కూర్చున్నాడా, బోర్లా పడటమే.

ఈయన లేవలేదు.

"అదీ! అట్టా ఉండాల!" అని అరిచాడు జక్కయ్య గాలిలోకి. "మీయంత బుద్ధిమంతుడైన రాయిని మా అయ్య కూడా మొయ్యలేదండీ! ఒడ్డుకెళ్ళాక ఆ ఇద్దర్నీ నేనే ఎక్కిస్తా, ఊరికే ఎక్కిస్తా, ఏటేటా ఎక్కిస్తా! కదలబాకండి!"

వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు వీపును రాళ్ళతో కొట్టినట్టు కొట్టాయి. జక్కయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. జమీందారు లైటుహౌసు మీద సంసారం పెట్టాడన్నాడు, కొంగలు ఆయనకు చేపలు మోశాయన్నాడు, ఇంకో పోటు, ఇంకో పోటు, అబద్ధం మీద అబద్ధం వేసుకుంటూ తెడ్డు వేశాడు. మడచెట్ల చాటు దొరికింది. పడవ కింద బురద గీసుకున్న చప్పుడైంది. గాలి పైనుంచి ఈల వేసుకుంటూ సముద్రం మీదికి వెళ్ళిపోయింది.

"ఇహ లేవండి ఫిట్టరుగారూ."

వాన చినుకులు ఆయన ముఖం మీద పడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి. చినుకు పడినా అవి మూసుకోవడం లేదు.

"లేవండి. లెమ్మన్నాగా."

జక్కయ్య తెడ్డు వదిలి, నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయన చొక్కా గుండీ విప్పి చెవి ఆనించాడు. వాన చప్పుడు తప్ప ఇంకేదీ వినపడలేదు. ఎప్పుడు పోయాడో. గుండెనొప్పి చేపను లాగినప్పుడు మొదలైందో, ఆ పెద్ద అల గుద్దినప్పుడో. పోయాక కూడా కదలకుండా పడుకుని తనను ఒడ్డుకు చేర్చాడు. రాయి మీద వేసిన చెయ్యి అలాగే ఉంది. దాన్ని తీయబోయి, ఊరుకున్నాడు. కళ్ళు మాత్రం మూశాడు.

ఆ తరవాత ఊరిదాకా పడవ మెల్లగా నడిపాడు.

పోస్టాఫీసు నుంచి ఎవరో ఫోను చేశారు. దీపాలు పెట్టకముందే ఏసుపాదం అవనిగడ్డ నుంచి టాక్సీలో వచ్చాడు. బడిపంతులు, మెత్తని మనిషి. బావగారి కాళ్ళు పట్టుకుని కాసేపు ఏడ్చి, నలుగురి సాయంతో టాక్సీలో పడుకోబెట్టాడు. జక్కయ్య చేపను తడి గోనెలో చుట్టి తెచ్చి, డిక్కీలో పెట్టమన్నాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇది?"

"ఆయన పట్టుకున్నాడండి. బసవపున్నయ్యగారని ఒకాయనున్నారు, ఆదివారం కిటికీ కాడ కూర్చుంటారు. ఆయనకు ఒకసారి చూపించి, ఆ తరవాత మీ ఇట్టం."

ఏసుపాదం అర్థం కాకపోయినా తల ఊపాడు. తలుపు వేస్తూ ఆగి, జేబులో చెయ్యి పెట్టాడు. "బావ నీకేమైనా బాకీ ఉన్నాడా? ఎంతివ్వాలి?"

అంకాలమ్మ మొగుడి ముఖం చూసింది. గట్టున పడి ఉన్న రెండు రాళ్ళ వైపు జక్కయ్య చూడలేదు.

"ఇచ్చేశారండి" అన్నాడు. "నాలుగు సీట్లకీ ఇచ్చేశారు."

టాక్సీ వెళ్ళిపోయింది. జనం ఇళ్ళకు మళ్ళారు. అంకాలమ్మ పిలిచి పిలిచి తనూ వెళ్ళింది. జక్కయ్య ఒక్కడే రేకు డబ్బా తీసుకుని, చేప నెత్తురుతో ఎర్రగా మారిన నీళ్ళు తోడటానికి పడవలోకి దిగాడు. చుక్కాని కింద మూలగా తడిగుడ్డ కప్పిన ముంత ఒకటి ఒరిగి ఉంది. అందులో ఎరకని తెచ్చిన రొయ్యలు ఇంకా బతికే ఉన్నాయి. ఉండి ఉండి ఏదో ఒకటి ఎగిరి ముంత గోడకు తగిలి, టక్కుమంటోంది.